లిండా బక్: ముక్కు గుట్టు విప్పిన శాస్త్రవేత్త.. నోబెల్ తెచ్చిన ఆ వెయ్యి జన్యువుల కథ ఇదీ!

కళ్లు మూసుకున్నా సరే, ఇంగువ తాలింపు ఏదో, మల్లెపూల వాసన ఏదో ఇట్టే చెప్పేస్తాం. వంటింట్లో గ్యాస్ లీకైతే ముందు పసిగట్టేది ముక్కే. కొవిడ్ టైమ్‌లో వాసన పోయినవాళ్లకు దాని విలువేంటో బాగా తెలిసొచ్చింది. మరి ఇన్ని వేల వాసనలను ముక్కు విడివిడిగా ఎలా గుర్తుపడుతోంది? 1991 వరకు ఈ ప్రశ్నకు సరైన జవాబు లేదు. ఆ జవాబును పట్టుకున్న ఇద్దరిలో ఒకరు అమెరికా శాస్త్రవేత్త లిండా బక్.

28 ఏళ్లకు డిగ్రీ

బక్ 1947 జనవరి 29న సియాటెల్‌లో పుట్టారు. తండ్రి ఎలక్ట్రికల్ ఇంజినీర్, తల్లి గృహిణి. మొదట్లో ఆమె సైకోథెరపిస్ట్ కావాలనుకున్నారు. తర్వాత మనసు మారింది. చదువుకు మధ్యమధ్యలో విరామాలు వచ్చాయి. చివరికి ఇమ్యునాలజీ క్లాసులు ఆమెను జీవశాస్త్రం వైపు లాగాయి. 1975లో వాషింగ్టన్ యూనివర్సిటీ నుంచి డిగ్రీ అందుకునేటప్పటికి ఆమె వయసు 28 ఏళ్లు. 1980లో డల్లాస్‌లో పీహెచ్‌డీ పూర్తి చేసి న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీకి వెళ్లారు. అక్కడ 1982లో రిచర్డ్ యాక్సెల్ ల్యాబ్‌లో చేరారు.

ఒక్క పేపర్‌తో మలుపు

1985లో వాసనపై సోలమన్ స్నైడర్ బృందం రాసిన ఓ పరిశోధన పత్రం బక్ కంటపడింది. అంతే, ఆ ప్రశ్న ఆమెను వదల్లేదు. యాక్సెల్ ల్యాబ్‌లో తన పని ముగిశాక కూడా వెళ్లిపోకుండా, 1988లో వాసనను పట్టే రిసెప్టర్ల వేట మొదలుపెట్టారు. రకరకాల పద్ధతులు ప్రయత్నించారు. ఏదీ ఫలించలేదు.

అప్పుడు ఆమె మూడు అంచనాలు వేసుకున్నారు. ఒకటి, ఈ రిసెప్టర్లు అప్పటికే తెలిసిన ఓ పెద్ద ప్రోటీన్ కుటుంబాన్ని పోలి ఉండాలి. రెండు, అవి ఒకటీ రెండూ కాదు, చాలా రకాలు ఉండాలి. మూడు, అవి ముక్కులోని వాసన కణాల్లో కనిపించాలి. ఈ మూడూ కలిసే జన్యువుల కోసం ఎలుకల ముక్కు కణజాలంలో గాలించారు. ఈసారి దొరికాయి. 1991 ఏప్రిల్‌లో 'సెల్' జర్నల్‌లో బక్, యాక్సెల్ కలిసి 18 జన్యువుల వివరాలు ప్రకటించారు. ఆ కుటుంబం చాలా పెద్దదని తర్వాత తేలింది. చిట్టెలుకల్లో ఇలాంటివి సుమారు వెయ్యి ఉన్నాయి. మనుషుల్లో పనిచేసేవి దాదాపు 400.

అక్షరాలు కొన్నే.. మాటలు వేలు

మరి 400 రిసెప్టర్లతో వేల వాసనలు ఎలా తెలుస్తున్నాయి? దీనికీ బక్ బృందమే 1999లో సమాధానం చెప్పింది. ఒక్కో వాసన కణంలో ఒక్కో రకం రిసెప్టర్ ఉంటుంది. కానీ ఒక వాసన ఒకేసారి చాలా రిసెప్టర్లను తాకుతుంది. ఏవేవి కలిసి స్పందించాయో చూసి మెదడు అది ఏ వాసనో తేల్చుకుంటుంది. యాభై ఆరు అక్షరాలతో వేల తెలుగు మాటలు పుట్టినట్టే అన్నమాట!

అందుకే అణువులో చిన్న తేడా వచ్చినా వాసన మారిపోతుంది. ఆక్టనాల్ నారింజ వాసన వేస్తే, దాన్ని పోలిన ఆక్టనాయిక్ ఆమ్లం చెమట కంపు కొడుతుంది. మోతాదు మారినా అంతే. మల్లెల్లో ఉండే ఇండోల్ కొంచెమైతే పూల పరిమళం, ఎక్కువైతే దుర్వాసన.

నోబెల్.. ఆ తర్వాత చేదు అనుభవం

హార్వర్డ్‌లో పనిచేసి 2002లో సొంతూరు సియాటెల్‌లోని ఫ్రెడ్ హచిన్సన్ కేంద్రానికి వచ్చిన బక్‌కు, 2004లో యాక్సెల్‌తో కలిపి వైద్య నోబెల్ దక్కింది.

కథ అక్కడితో ఆగలేదు. మెదడులో వాసనల మ్యాప్‌పై తన బృందం ఇచ్చిన కొన్ని ఫలితాలు మళ్లీ చేసి చూస్తే రాలేదు. దీంతో 2008లో ఒకటి, 2010లో రెండు పత్రాలను బక్ వెనక్కి తీసుకున్నారు. నోబెల్ తెచ్చిన పనికి వీటితో సంబంధం లేదు. అయినా అంత పేరు వచ్చాక కూడా తప్పును రికార్డుల్లో అలాగే ఉంచేయలేదు.

పరిశోధన కూడా ఆపలేదు. వేటాడే జంతువుల వాసన తగలగానే ఎలుకల్లో ఒత్తిడి హార్మోన్లు పెరగడానికి మెదడులోని ఓ చిన్న భాగమే కీలకమని 2016లో ఆమె బృందం 'నేచర్'లో వెల్లడించింది. వాసనకూ ఒత్తిడి హార్మోన్లకూ మధ్య మెదడులో ఉన్న లింకు అలా బయటపడింది.

చదువులో తొందరపడకుండా తనకు నచ్చిన దారి వెతుక్కున్న బక్, ఆ భారీ ఆవిష్కరణను ప్రకటించేనాటికి 44 ఏళ్లకు చేరుకున్నారు. ఈరోజు వాసన కోల్పోవడంపై జరుగుతున్న పరిశోధనలకు ఆ 18 జన్యువులే తొలి మెట్టు.