బరువంతా కిందికే: కోరాపుట్ ఘాట్లూ, చవక హైబ్రిడ్ కారూ

ఒడిశాలోని కోరాపుట్, రాయగడ జిల్లాల్లో హైబ్రిడ్ కారు కొనాలనుకునేవారికి షోరూములో ముందుగా వినిపించే అంకె లీటరుకు దాదాపు 28 కిలోమీటర్లు. 2022లో వచ్చిన టొయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా హైబ్రిడ్ రకాలకు ప్రకటించిన మైలేజీ 27.97. ఆ అంకె అబద్ధమేమీ కాదు. అయితే అది పరీక్షశాలలో రోలర్ల మీద తేల్చిన లెక్క. అందులో కోరాపుట్–సాలూరు దారిలోని సుంకి ఘాట్ లేదు, పొట్టంగి మలుపులు లేవు. ఈ కొండల్లో బండి విలువను తేల్చింది చదును మీది పరుగు ఎన్నడూ కాదు. ఎక్కుడు కూడా సగమే తేల్చింది. అసలు పరీక్ష బరువుతో కిందికి దిగడం. గోనెలు మోసిన ఎద్దు నుంచి ఇనుప ఖనిజం మోసే రైలు దాకా ఇదే జరిగింది. ఇవాళ్టి కారునూ ఆ కొలతతోనే చూడాలన్నది నా వాదన.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో భాగం, జయపురం జమీందారీ. దాని వ్యాపారమంతా సాలూరు, పార్వతీపురం మీదుగా కోస్తాతోనే సాగింది. లంబాడీలు ఎద్దుల మీద ఉప్పు పైకి తెచ్చి, ధాన్యం కిందికి దించేవారు. ఎద్దు వీపు మీద బరువుకు దారి పెద్దగా అక్కర్లేదు. దిగుడులో ఎద్దు తన గోనెను తానే ఆపుకుంటుంది. రెండెడ్ల బండి అలా కాదు. ఎక్కేటప్పుడు ఎడ్లు బండిని లాగుతాయి, దిగేటప్పుడు బండే ఎడ్లను తోస్తుంది. సరుకు బరువెంతైతే మెడ మీద కాడి ఒత్తిడి అంత. సుమారు 870 మీటర్ల ఎత్తున్న కోరాపుట్ నుంచి సాలూరు మైదానానికి దిగే దారిలో దీన్ని మరిచిన బండివాడికి ఎడ్లు దక్కవు. ఉప్పు, బట్టలు పైకి పోలేదా అని ఎవరైనా అడగొచ్చు. పోయాయి. కానీ పైకి పోయినవి మనుషుల అవసరాలకు సరిపడేవి, కిందికి వచ్చినవి కొండలో పుట్టిన సంపద. ఆ తేడా గనుల కాలంలో కళ్లకు కట్టినట్టు బయటపడింది.

రాయగడ మీదుగా రాయపూర్–విజయనగరం రైలుమార్గం 1931కి పూర్తయింది. రెండేళ్లకు, 1933లో, విశాఖ రేవు తెరుచుకుంది. ఈ రెండూ పక్కపక్కనే జరగడం యాదృచ్ఛికం కాదు. లోనాడు సరుకు సముద్రానికి చేరాలన్నదే ఆ పట్టాల ఉద్దేశం. 1960ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపానుకు పంపడానికి కొత్తవలస–కిరండూల్ లైను వేశారు. జయపురం, కోరాపుట్, అరకు మీదుగా అది 996 మీటర్ల ఎత్తున్న శిమిలిగుడ స్టేషను దాటి కొత్తవలసకు దిగుతుంది. ఖనిజంతో నిండిన వ్యాగన్లు దిగుతాయి, ఖాళీవి ఎక్కుతాయి. అలాంటి రైలును చక్రాల మీది బ్రేకులతోనే దించితే బ్రేకు దిమ్మలు కాలిపోతాయి. అందుకే దిగుడులో ఇంజను మోటార్లనే జనరేటర్లుగా తిప్పి, పుట్టిన కరెంటును రెసిస్టర్లలో వేడిగా వదిలేసే పద్ధతి వచ్చింది. తర్వాత వచ్చిన త్రీఫేజ్ ఇంజన్లు ఆ కరెంటును వృథా చేయకుండా పై తీగకే తిరిగి పంపుతాయి. దిగుతున్న రైలు ఇచ్చింది ఎక్కుతున్న రైలుకు అందుతుంది. 1955లో కరెంటు మొదలుపెట్టిన మాచ్‌ఖండ్ కేంద్రం డుడుమ దగ్గర నీటితో చేసిందీ ఇదే: ఎత్తు నుంచి దిగే బరువును పట్టుకోవడం. కొండను ఖర్చుగానే చూసిన చరిత్రలో ఈ మలుపుకు దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదని నాకనిపిస్తుంది.

రోడ్డు మీదకు ఈ తెలివి చాలా ఆలస్యంగా వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత కొండదారుల్లో రాజ్యమేలినవి జీపులు, ఒడిశాలో జనం ట్రెక్కర్లనే షేరు బండ్లు. వాటి డ్రైవర్ల సూత్రం ఒకటే: ఎక్కిన గేరులోనే దిగాలి. అప్పుడు బండిని ఇంజనే పట్టి ఉంచుతుంది, బ్రేకు ఆఖరి ఆసరా అవుతుంది. ఇంధనం లెక్కలో మాత్రం ఆ దిగుడు నుంచి వాళ్లకు తిరిగి వచ్చింది సున్నా. ఎక్కేటప్పుడు డీజిలు తగలేసి కూడగట్టిన శక్తంతా దిగేటప్పుడు వేడై పోయేది. 1997లో జపానులో టొయోటా ప్రియస్ వచ్చినప్పుడు మారింది ఇదే. దిగుతున్నప్పుడు, ఆగుతున్నప్పుడు పుట్టిన శక్తి కొంత బ్యాటరీలో దాగి, మళ్లీ చక్రానికి వస్తుంది. మన దేశంలో 2008లో హోండా సివిక్ హైబ్రిడ్ 20 లక్షలు దాటిన ధరతో వచ్చి నిలవలేకపోయింది. 2022లో హైరైడర్ హైబ్రిడ్ 15 లక్షల పైచిలుకుకు దిగాకే మధ్యతరగతి దాన్ని లెక్కలోకి తీసుకుంది.

ధర ఎలా దిగిందన్నది ఇక్కడి కొనుగోలుదారు తప్పక తెలుసుకోవాలి. ఖరీదైన వస్తువు బ్యాటరీ కాబట్టి దాన్ని చిన్నది చేశారు. ఈ కార్లలో ఉన్నది 0.76 కిలోవాట్ అవర్ బ్యాటరీ, అంటే ఇంటి కరెంటు బిల్లు భాషలో ముప్పావు యూనిట్. అదీ మన్నిక కోసం పూర్తిగా ఖాళీ కానివ్వరు, పూర్తిగా నిండనివ్వరు. ఇప్పుడు కొండను లెక్కవేద్దాం. మనుషులతో కలిపి టన్నున్నర బరువున్న కారు 100 మీటర్ల ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి 0.4 యూనిట్. గాలి, టైర్ల రాపిడి, మార్పిడిలో పోయేది తీసేసినా, రెండు మూడు వందల మీటర్ల ఏటవాలు దిగేసరికి ఆ చిన్న బ్యాటరీ నిండిపోతుంది. కోరాపుట్ నుంచి సాలూరుకు మొత్తం దిగాల్సిన ఎత్తు 700 మీటర్లకు అటూఇటూ. నిండాక కారు కొత్తగా పట్టుకోగలిగింది లేదు. పెట్రోలు ఇంజనును ఉత్తుత్తిగా తిప్పి వేగం తగ్గించాలి, లేదా బ్రేకు తొక్కాలి. గేరు మీటలో ఉండే ‘బి’ స్థానం ఆ పని కోసమే. రైలుకున్న పై తీగ ఎంత కరెంటు ఇచ్చినా పుచ్చుకుంటుంది. ఈ కారుకున్నది చిన్న చెంబు.

అయితే హైబ్రిడ్ ఇక్కడ దండగా? కాదు. కోరాపుట్ నుంచి లక్ష్మీపూర్ మీదుగా రాయగడ పోయే దారి ఒకే ఊపున దిగేది కాదు. కాసేపు ఎక్కి, కాసేపు దిగి, మళ్లీ ఎక్కుతుంది. చిన్న చెంబు నిండుతూ ఖాళీ అవుతూ ఉండే ఇలాంటి చోటే ఈ కారు తన ధరకు న్యాయం చేస్తుంది. నాగావళి ఒడ్డున తక్కువ ఎత్తులో ఉన్న రాయగడ ఊరి రద్దీలోనూ, గుణుపురం వైపు లోయదారుల్లోనూ అంతే. వారం వారం సుంకి ఘాట్ మీదుగా నిండు కారుతో విశాఖ వెళ్లివచ్చేవారి సంగతి వేరు. ఎక్కుడులో కొంతసేపటికి బ్యాటరీ అడుగంటుతుంది. అక్కడి నుంచి మూడు సిలిండర్ల ఇంజనే ఐదుగురినీ సామానునూ లాగాలి. అలాంటివారు ప్రకటించిన మైలేజీ నుంచి పెద్ద కోతే వేసుకుని, మామూలు పెట్రోలు రకంతో ఉన్న ధర తేడా ఎన్నేళ్లకు తిరిగొస్తుందో చూసుకోవాలి. బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల హామీ ఉంది కాబట్టి ఆ లెక్కను ఎనిమిదేళ్లకు కట్టడం సబబు.

పెద్ద బ్యాటరీ ఉన్న పూర్తి ఎలక్ట్రిక్ కారైతే ఘాట్ మొత్తాన్నీ మింగగలదు కదా అనేవారి మాటలో నిజముంది. పైన ఇంట్లో నిండుగా చార్జి చేసి బయల్దేరితే తప్ప, ముప్ఫై నలభై యూనిట్ల బ్యాటరీకి దిగుడులో వచ్చే ఒకటి రెండు యూనిట్లు ఓ లెక్క కాదు. పైకెక్కాక చార్జింగు దొరికే చోట ఉండేవారికి ఆ కారే మేలని ఒప్పుకుంటాను. లోపలి ఊళ్ల మధ్య తిరిగేవారికి పెట్రోలు బంకు మీద ఆధారపడే హైబ్రిడ్డే ఇంకా నమ్మకం. ఏది కొన్నా, విశాఖ బీచ్ రోడ్డు మీది టెస్ట్ డ్రైవుతో సంతకం పెట్టకూడదు. ఆ చదునులో ప్రతి సిగ్నలు దగ్గరా బ్యాటరీ గీతలు పెరుగుతూ ముచ్చటగా కనిపిస్తాయి. కనీసం సింహాచలం కొండదారికైనా, వీలైతే సుంకి ఘాట్‌కు, అన్ని సీట్లూ నింపి తీసుకెళ్లమని అడగాలి. గీతలు ఏ మలుపు దగ్గర నిండిపోయాయి, ఆ తర్వాత ‘బి’లో కారు ఎంతవరకు నిలిచింది, బ్రేకు ఎన్నిసార్లు తొక్కాల్సి వచ్చింది అన్నవి అక్కడే తేలతాయి.