వ్రాయకుండానే వ్రాశానన్న యంత్రం

ప్రత్యేక సంచికకు పాత జ్ఞాపకం ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు కోరారు. నేను పనిచేసినది కంప్యూటరు విభాగం గనుక యునిక్స్ చరిత్రలోని ఒక చిన్న సంగతి వ్రాస్తున్నాను. ఇందులో నా పొరపాటు కూడా ఉన్నది.

1984లో రంగరాజన్ కమిటీ సిఫార్సుల తర్వాత బ్యాంకులలోకి కంప్యూటర్లు వచ్చిన సంగతి మీకు తెలిసినదే. మా ఆఫీసుకు యునిక్స్ మినీ కంప్యూటరు వచ్చింది. ఒక సాయంత్రం కరెంటు పోయింది, యు.పి.ఎస్. కూడా నిలబడలేదు. తిరిగి ఆన్ చేసి చూస్తే చివరి రెండు పద్దులు లేవు. "ఎక్కించాను సార్, మిషను సరేనన్నది" అని మా క్లర్కు మొత్తుకున్నారు. నేను నమ్మలేదు. పైకి నోటు పెట్టాను. ఆయనకు మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంటు ఆగింది.

అసలు సంగతి తర్వాత చదివి తెలుసుకున్నాను. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ 1969లో యునిక్స్ మొదలుపెట్టారు. మెమరీతో పోలిస్తే డిస్కు బహు నిదానం. అందుకని ప్రోగ్రాము వ్రాయమన్నది ముందుగా మెమరీలోని బఫర్‌లో పడుతుంది, వెంటనే "అయింది" అని జవాబు వస్తుంది. 1975 నాటి ఆరవ ఎడిషన్‌లో బఫర్ 512 బైట్లు. అది నిండితే డిస్కు డ్రైవరుకు అప్పగిస్తారు. డ్రైవరు దానిని వరుసలో పెట్టి తిరిగి వచ్చేస్తుంది, డిస్కు పని ముగిశాక ఇంటరప్టు ద్వారా కబురు చేస్తుంది. అదే ఎసింక్రనస్ రైట్. మన భాషలో, కవరు అటెండరు చేతికిచ్చి డెస్పాచ్ రిజిస్టరులో "పంపడమైనది" అని వ్రాసుకోవడమే. బఫర్ నిండకపోతే అదీ లేదు, కాగితం సొరుగులోనే ఉంటుంది. ముప్పై సెకన్లకొకసారి ఒక ప్రోగ్రాము వచ్చి సొరుగులన్నీ ఖాళీ చేసిపోతుంది. మా యంత్రానిదీ ఆ వంశమే. ఆ రెండు పద్దులు సొరుగులో ఉండగా కరెంటు పోయింది!

ఇంతకంటే చిక్కు మరొకటి. డిస్కు మీద వ్రాయబోతే తప్పు వచ్చిందనుకోండి, ఎవరికి చెప్పాలి? అడిగిన ప్రోగ్రాము అప్పటికే ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. ఇలా తప్పు తెలియజేయడం దాదాపు అసాధ్యమని థాంప్సన్ 1978 వ్యాసంలో తానే ఒప్పుకున్నాడు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

1983లో బర్కిలీ వారి 4.2 బి.ఎస్.డి.లో ఎఫ్‌సింక్ అనే పిలుపు చేర్చారు. డిస్కుకు చేరేదాకా ప్రోగ్రాము ఆగవచ్చు, అక్నాలెడ్జిమెంటు తీసుకున్నట్లు. దానితో గొడవ తీరిందా? లేదు. లినక్స్‌లో ఎఫ్‌సింక్ ఒకసారి విఫలమైతే, రెండవసారి అడిగినప్పుడు అంతా బాగున్నదనే జవాబు రావచ్చునని పోస్ట్‌గ్రెస్ డేటాబేసు వారు 2018లో గాని గుర్తించలేదు. మరుసటి ఏడు తమ ప్రోగ్రాము మార్చుకున్నారు.

ఆ మిత్రుడు మన సంఘ సభ్యుడే. పోయిన సర్వసభ్య సమావేశంలో భోజనాల దగ్గర ఇదంతా చెప్పాను. "ఇప్పుడెందుకు సార్ అవన్నీ" అని ఆయన నవ్వి ఊరుకున్నారు. కాని ఆ మాట వారి శ్రీమతి గారు కూడా వినాలని, ఆయన అనుమతి తీసుకునే ఇక్కడ వ్రాశాను: అమ్మా, ఆ రోజు మీ వారు పద్దులు ఎక్కించారు.