ఏరోబిక్ వ్యాయామం - నడివయసు స్త్రీల హార్మోనులు

ఏరోబిక్ వ్యాయామం అనగా గుండె, ఊపిరితిత్తుల వేగాన్ని కొంతసేపు నిలకడగా పెంచే శ్రమ. వడిగా నడవడం, సైకిలు తొక్కడం, ఈత ఈ కోవకు చెందుతాయి.

భారతీయ స్త్రీలకు సగటున 46-47 ఏళ్ళ వయసులో ముట్లుడుగుతాయి. అప్పటికి అండాశయాలలో ఈస్ట్రోజెన్ ఉత్పత్తి బాగా తగ్గిపోతుంది. వ్యాయామం దానిని తిరిగి తీసుకురాదు. ఈ విషయంలో అపోహలు ఎక్కువ. ముట్లుడిగిన తరువాత కొంత ఈస్ట్రోజెన్ కొవ్వు కణజాలంలో తయారవుతుంది. వ్యాయామంతో కొవ్వు కరిగితే అది స్వల్పంగా తగ్గుతుంది కూడా. రొమ్ము కాన్సరు ముప్పు తగ్గడానికి ఇదొక కారణమని భావిస్తారు. వేడి ఆవిర్ల విషయంలో పరిశోధనల ఫలితాలు ఏకరీతిగా లేవు.

స్పష్టమైన మేలు ఇన్సులిన్ విషయంలో కలదు. పనిచేసే కండరం ఇన్సులిన్‌పై అంతగా ఆధారపడకుండానే రక్తంలోని గ్లూకోజును గ్రహిస్తుంది. ఆపైన ఒకటి రెండు రోజులు ఇన్సులిన్ మరింత చురుకుగా పనిచేస్తుంది, తరువాత ఈ గుణం సన్నగిల్లుతుంది. కనుక వారానికొక నడక చాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యస్థ శ్రమను సూచించింది.

తెలంగాణలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో వరి ప్రధాన పంట. నాట్లు వేసే స్త్రీకి వేరే వ్యాయామమెందుకని ఇక్కడ అడగడం సహజం. నాటు వంగి చేసే కఠినమైన పనే, కాని అది ఏటా కొద్ది వారాలకే పరిమితం. ఈ ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఫ్లోరోసిస్ వలన కీళ్ళు, వెన్ను బిగుసుకున్నవారు కూడా కలరు. వారు వైద్యుని సలహాతో మెల్లగా ప్రారంభించాలి. మధుమేహానికి ఇన్సులిన్ లేదా కొన్ని రకాల మాత్రలు వాడేవారికి నడకలో చక్కెర మరీ పడిపోవచ్చును. వారు కొంచెం బెల్లమో, గ్లూకోజో వెంట ఉంచుకోవడం మంచిది.