అద్దం వెనక బాలకృష్ణుడు

మొన్న దసరాకి అటక సర్దుతుంటే పాత దుప్పటిలో చుట్టిన పటం ఒకటి చేతికి తగిలింది. విప్పకుండానే అదేమిటో తెలిసిపోయింది. ఇరవై ఏళ్ళకు పైగా దాన్ని అక్కడ దాచింది నేనే మరి.

ఆ కథ చెప్పాలంటే ముందు నా గ్లాస్ పెయింటింగ్ పిచ్చి సంగతి చెప్పాలి. పెళ్ళయి నెల్లూరు వచ్చిన కొత్త. ఆ రోజుల్లో వేసవి సెలవులు వస్తే చాలు, వీధికో ఇంట్లో గ్లాస్ పెయింటింగ్ క్లాసులు. మధ్యాహ్నం వంటిల్లు సర్దేసి నేనూ వెళ్ళేదాన్ని. అద్దం కింద బొమ్మ కాగితం పెట్టి, నల్ల లైనర్ ట్యూబుతో గీతలు గీసి, అవి ఆరాక మధ్యలో రంగులు నింపడం. నెమలి, రాధాకృష్ణులు, కలువపూలు. గీత ఎక్కడా తెగకూడదు, తెగితే పక్క గడిలోకి రంగు పారుతుందని టీచరు పదిసార్లు చెప్పేవారు.

ఆ నల్ల గీత ఎందుకో అప్పుడు అడగలేదు. తర్వాత ఎప్పుడో చదివి తెలుసుకున్నాను. ఐరోపా చర్చిల్లో కిటికీలకు రంగురంగుల గాజు ముక్కలను సీసపు పట్టీలతో అతికేవాళ్ళు. లోపల నుంచి చూస్తే వెలుగులో ఆ పట్టీలే నల్లటి గీతల్లా కనిపిస్తాయి. మన ట్యూబు గీత ఆ సీసానికి నకలన్నమాట. వాళ్ళు ముఖాలు, బట్టల మడతలు గీసిన రంగులో గాజు పొడి, లోహపు భస్మం కలిపి కొలిమిలో కాల్చేవారు. అందుకే వందల ఏళ్ళు నిలిచాయి. మనది కాల్చని రంగు కాబట్టి గోరు పెడితే ఊడివస్తుంది.

ఇదంతా కొత్త విద్య అనుకుని మురిసిపోతున్న నాకు, మా పూజగదిలోనే దానికి అక్క ఒకటి ఉందని తట్టనే లేదు. వెన్నకుండ పక్కన కూర్చున్న బాలకృష్ణుడి పటం అది. అత్తమ్మ వాళ్ళ అమ్మమ్మ కుంభకోణం యాత్రకు వెళ్ళినప్పుడు కొని తెచ్చుకున్నదట. కాగితం మీద బొమ్మకు అద్దం బిగించారనే అనుకున్నాను. కాదు. బొమ్మ వేసింది అద్దం మీదే, అదీ వెనక వైపు.

ఈ పనిలో ఉన్న గమ్మత్తు చూడండి. విగ్రహానికి కళ్ళు చివర్న తెరుస్తారు. అద్దం పటానికి కళ్ళే ముందు. మనం ముందు వైపు నుంచి చూస్తాం కాబట్టి, పైన కనపడాల్సినవన్నీ మొదట వేయాలి. కంటిపాప, ముక్కుపుడక, హారంలో ముత్యం, ఆ తర్వాత ఒంటి రంగు, బట్టలు, అన్నిటికన్నా ఆఖర్న వెనక ఉండే తెర, ఆకాశం. కుడి ఎడమలు కూడా తారుమారే. కంటిపాప సరిగ్గా కుదరలేదని చివర్లో దిద్దుదామంటే కుదరదు, దాని మీద ముఖం వచ్చేసి ఉంటుంది. నగలు మెరవాలంటే అక్కడ రంగు వేయకుండా వదిలి, వెనక నుంచి బంగారు, వెండి రంగు రేకు అంటించేవారు.

ఈ విద్య ఐరోపా నుంచి చైనాకు, అక్కడి కాంటన్ రేవు నుంచి 18వ శతాబ్దంలో ఓడల మీద మన దేశానికి వచ్చింది. కచ్, సతారా, మైసూరు, తంజావూరు, ఒక్కో చోట ఒక్కో తీరున స్థిరపడింది. ఐరోపాలో మాత్రం ఇది పల్లెల్లో ఇంటి పనిగా పాకింది. రుమేనియాలో నికులా అనే ఊరి రైతు కుటుంబాలు ఇళ్ళల్లోనే అద్దాల మీద దేవుడి పటాలు వేసి అమ్ముకునేవి.

తంజావూరు పటం అనగానే మనకు పనస చెక్క, దాని మీద గుడ్డ, సుద్దపూత, రాళ్ళు, బంగారు రేకు గుర్తొస్తాయి. రెండవ శరభోజి (1798–1832) కాలంలో ఆ కళ బాగా వెలిగింది. ఆ బొమ్మలు వేసిన వాళ్ళలో రాజుల కుటుంబాలు ముఖ్యమైనవి. వాళ్ళ పూర్వీకులు విజయనగరం, నాయకరాజుల కాలాల్లో తెలుగు నేల నుంచి దక్షిణాదికి వలస వెళ్ళినవాళ్ళు, ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు. 1855లో తంజావూరు రాజ్యం కంపెనీ పాలయింది. ఆస్థానం పోషణ పోయాక పటాలు కొనేది వర్తకులు, గృహస్థులే. చెక్క పటం ఖరీదు అందరికీ అందదు. అదే బాలకృష్ణుడు, అదే రామ పట్టాభిషేకం అద్దం మీదయితే తక్కువలో వచ్చేది. అలా మామూలు ఇళ్ళ పూజగదుల్లోకి కూడా ఆ దేవుళ్ళు వచ్చారు.

ఆ తర్వాత 1894లో రవివర్మ బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టారు. రంగుల అచ్చు పటాలు ఇంకా చవకగా ఊరూరా దొరికాయి. ఒక్కో పటం చేత్తో వేసే వాళ్ళకు గిరాకీ తగ్గుతూ వచ్చింది. అద్దం పటాలు మెల్లగా అటకలెక్కాయి.

మా పటం అటకెక్కింది మాత్రం రవివర్మ వల్ల కాదు, నా వల్ల.

2001 సంక్రాంతికి ఇల్లు దులుపుతూ, అత్తమ్మ గుడికి వెళ్ళిన సమయంలో ఆ పటం దింపాను. వెనక చెక్క విప్పితే దుమ్ము. గ్లాస్ పెయింటింగ్ వచ్చినదాన్ని కదా అనే ధీమాతో సబ్బునీళ్ళలో గుడ్డ ముంచి తుడిచాను. గుడ్డకు నీలం రంగు అంటింది. దుమ్మనుకుని ఇంకోసారి తుడిచాను. అది జిగురు కలిపి వేసిన రంగని, నీళ్ళు తగిలితే కరుగుతుందని నాకేం తెలుసు? వెనక తెర సగం, కృష్ణుడి కుడి చెయ్యి వచ్చేశాయి. కంగారులో నా సీసాలు తెచ్చి ఆ ఖాళీలో నింపాను. నావి వెలుగు దూరే రంగులు, అవి చిక్కటి రంగులు. పిల్లాడి చేతికి జబ్బు చేసినట్టు కనిపించింది.

పటం బీటలిచ్చిందని, జాగ్రత్తగా పైన పెట్టానని అబద్ధం చెప్పాను. అత్తమ్మ "సరేలే" అన్నారు. ఆ పైన నేను బ్రష్ పట్టుకోలేదు. పిల్లలు పుట్టారు, తీరిక లేదని అందరికీ చెప్పాను. అసలు కారణం అది కాదు.

ఇప్పుడు ఆవిడకు ఎనభై దాటాయి. పటం తీసుకెళ్ళి ఒళ్ళో పెట్టి జరిగిందంతా చెప్పాను. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూశారు.

"నీలం గుడ్డ దండెం మీద ఆరేశావుగా, ఆ రోజే తెలుసు" అన్నారు.

"మరి ఎందుకు అడగలేదు అత్తమ్మా?"

"అడిగితే భయపడి ఆ బొమ్మలు వేయడం మానేస్తావేమోనని. ఊరుకున్నా మానేశావు, ఏం లాభం?"

నాకు మాట రాలేదు.

మీ ఇంట్లో పాత అద్దం పటం ఉంటే నాలాగా చేయకండి. వెనక వైపు నీళ్ళు, సబ్బు, నూనె ఏవీ తగలనివ్వద్దు. ముందు అద్దాన్ని మెత్తటి పొడి గుడ్డతో తుడిస్తే చాలు. దాని మీద నీళ్ళు చల్లినా అంచుల్లోంచి లోపలికి దిగుతాయి. చెమ్మ గోడకు, ఎండ పడే చోట తగిలించకండి. రంగు పెచ్చులు లేస్తుంటే అద్దం వైపు కిందికి ఉండేలా పడుకోబెట్టండి, పెచ్చులు ఎక్కడివక్కడే ఉంటాయి. ఫ్రేము విప్పొద్దు, మన రంగులతో దిద్దొద్దు. ఫొటో తీసి ఉంచుకుని, పాత చిత్రాలను బాగుచేసే నిపుణులకు చూపించండి.

మా కృష్ణుడు మళ్ళీ పూజగదిలోకి వచ్చాడు, ఆ చెయ్యి అలాగే ఉంది. నిన్న ఫ్రేముల షాపులో చిన్న అద్దం ముక్క కోయించుకుని వచ్చాను. ఈసారి లైనర్ ట్యూబు లేదు, సన్నటి బ్రషే. అత్తమ్మ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. అద్దం వెనక్కి తిప్పి, ముందుగా రెండు కంటిపాపలు పెట్టాను.