గోదావరి జిల్లాల జనాభా పట్టికలు

1901 జనాభా లెక్కలనాడు గోదావరి జిల్లాలో సుమారు 23 లక్షల మంది ఉండేవారు. కొన్నేండ్లకు వెలువడిన గ్రంథములలో అదే జిల్లాకు, అదే 1901 సంవత్సరమునకు చూపిన సంఖ్య 14,45,961. కరవు గాని, తుపాను గాని ఎనిమిదిన్నర లక్షల మందిని పొట్టన పెట్టుకొనలేదు. 1904లో ఏలూరు, యర్నగూడెం, తణుకు, భీమవరం తాలూకాలు, నగరం దీవి మినహా నరసాపురం తాలూకా కృష్ణా జిల్లాకు మారినవి. జనులు ఉన్నచోటనే ఉన్నారు. జిల్లా సరిహద్దు గీత కదలినది.

ఈ గీత అంతకు ముందును, తరువాతను కదలుతూనే ఉన్నది. 1859లో ఏర్పడిన గోదావరి జిల్లాలో 1874లో భద్రాచలం ప్రాంతము చేరినది. 1925లో కృష్ణా నుండి పశ్చిమ గోదావరి విడివడగా, పాత గోదావరి జిల్లాకు తూర్పు గోదావరి అను పేరు వచ్చినది. 1942లో పోలవరం తాలూకా పశ్చిమ గోదావరిలో చేరినది. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాకు పోయినది. అందుచేత రెండు దశాబ్దుల పట్టికలను జిల్లా పేరునుబట్టి పక్కపక్కన పెట్టి, జనాభా పెరిగినదో తగ్గినదో తేల్చుట పొరపాటు.

జనాభా లెక్కల అధికారులు దీనికి చేసిన పని ఓపికతో కూడినది. కొత్త సరిహద్దులోనికి వచ్చిన భాగముల పాత సంఖ్యలను వెదకి తిరిగి కూడవలెను. తాలూకాల లెక్క కూడ చాలదు. నగరం దీవివలె తాలూకాలో ఒక ముక్క మాత్రమే వేరుపడినచో గ్రామముల వరకు దిగవలసినదే.

నేడు కంప్యూటరు ఈ పనిని క్షణములో చేయును. ఒకే తీరు పట్టికలైనచో ఒకదాని క్రింద ఒకటి పేర్చును. వేరు వేరు వివరములున్నచో రెండింటను ఉన్న ఒక గుర్తునుబట్టి వరుసకు వరుస జతచేయును. న్యూజిలాండులో 1990లలో పుట్టిన ‘ఆర్’ భాషలో ఈ జతకు ‘మెర్జ్’ అను ఆజ్ఞ కలదు. ప్రత్యేకముగా కోరనిచో అది జత దొరకని వరుసలను వదలివేయును, హెచ్చరిక చేయదు. ఒక పట్టికలో ‘రాజమండ్రి’ అనియు, రెండవదానిలో ‘రాజమహేంద్రవరం’ అనియు ఉన్నచో ఆ నగరమంతయు ఫలితమునుండి మాయమగును!

దీనికి విరుద్ధమైన చిక్కు మరియొకటి. గోపాలపురం అను పేరుతో గోదావరికి ఇరువైపులను ఊళ్లున్నవి. పేరు మాత్రమే గుర్తుగా తీసికొన్నచో, మొదటి పట్టికలోని రెండు గోపాలపురములు రెండవ పట్టికలోని రెండింటితోను కలసి, రెండు వరుసలు నాలుగగును. కూడిక చేసినచో జనాభా రెట్టింపగును. ఈ తప్పు పట్టుకొనుట కష్టము. సంఖ్య పెద్దదైనంత మాత్రమున ఎవరును అనుమానించరు గదా! 2011 లెక్కలలో గ్రామములకు ఆరంకెల సంఖ్యలు ఇచ్చుటలోని ఉపయోగము ఇక్కడ తెలియును.

ఆ సంఖ్యల అవసరము త్వరలోనే వచ్చినది. 2011లో ఖమ్మం జిల్లా క్రింద లెక్కకు వచ్చిన కూనవరం, చింతూరు మండలములు 2014లో తూర్పు గోదావరికిని, కుక్కునూరు, వేలేరుపాడు పశ్చిమ గోదావరికిని మారినవి. 2011 పట్టికలో తూర్పు గోదావరికి ఉన్న 51,54,296లో ఆ మండలముల వారు లేరు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు తిరిగి ఏర్పడినపుడు కాకినాడ, అమలాపురం తూర్పు గోదావరినుండి విడిపోయినవి. పడమటి గట్టున ఉన్న కొవ్వూరు అందులో చేరినది! కొత్త తూర్పు గోదావరికి 2011 జనాభా కావలెనన్న, పాత రెండు జిల్లాల గ్రామముల వరుసలను సంఖ్యలనుబట్టి ఏరి కూడవలెను.

1901 నాటికి గోదావరి జిల్లా, 1904 తరువాత కృష్ణా, 1925 నుండి పశ్చిమ గోదావరి, 2022లో తూర్పు గోదావరి—కొవ్వూరు గట్టు దిగకుండగనే నాలుగు జిల్లాల పట్టికలలోనికి ఎక్కినది.