ఆ తండ్రి రాసిన 33 పేజీలు

ఆటిజం గురించి వైద్యశాస్త్రానికి అందిన తొలి వివరాల్లో కొన్ని ఒక తండ్రి ఉత్తరంలో ఉన్నాయి. 1938లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రం, ఫారెస్ట్ అనే చిన్న ఊరి నుంచి బీమన్ ట్రిప్లెట్ అనే లాయరు తన ఐదేళ్ల కొడుకు డొనాల్డ్ గురించి 33 పేజీలు రాసి, బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్‌కు పంపాడు. ఏడాది వయసుకే పిల్లవాడు రాగం తప్పకుండా పాడేవాడు. బైబిలు కీర్తన, మతబోధలోని 25 ప్రశ్నలూ జవాబులూ గడగడా ఒప్పజెప్పేవాడు. కానీ తనంతట తాను ఒక ప్రశ్న అడగడు, అడిగినదానికి బదులివ్వడు. నాన్న ఇంటికొచ్చినా పట్టించుకోడు. ఒంటరిగా వదిలేస్తేనే సంతోషం. చెక్కదిమ్మలు, గిన్నెలు, గుండ్రంగా ఏది కనబడినా గిరగిరా తిప్పుతాడు. మధ్యలో ఆపితే ఆగ్రహంతో ఊగిపోతాడు.

1943లో కానర్ 11 మంది పిల్లల గురించి ప్రచురించిన వ్యాసంలో మొదటి కేసు డొనాల్డ్‌దే. ఆసుపత్రి గదిలో కాసేపు చూసిన డాక్టరుకు ఇన్ని సంగతులు దొరకవు. ఏళ్ల తరబడి ఇంట్లో కనిపెట్టి చూసినవాళ్లకే దొరుకుతాయి.

ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఆ తర్వాతి మలుపు. పుట్టుకతోనే వచ్చిన తేడా అని చెప్పిన ఆ వ్యాసంలోనే కానర్, తల్లిదండ్రులు ఇంత వివరంగా డైరీలు రాయడం వాళ్ల విపరీత స్వభావానికి నిదర్శనమని కూడా రాశాడు. ఏ వివరాల మీద తన పరిశోధన నిలబడిందో, ఆ వివరాలనే వాళ్ల మీద సాక్ష్యంగా తిప్పాడు. 1949 నాటికి ఆయన మరింత గట్టిగా తల్లుల వైపు వేలు చూపించాడు. ప్రేమ చూపని తల్లి వల్లే బిడ్డ ఇలా అయ్యాడన్న మాట పాకిపోయింది. షికాగోలో మనస్తత్వవేత్తగా పేరున్న బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో ఆ వాదంతో ఏకంగా ఒక పుస్తకం రాశాడు. తప్పు తల్లిదే అన్న తర్వాత ఆమె చెప్పేది ఎవరు వింటారు? దాదాపు రెండు దశాబ్దాల పాటు ఎంతోమంది తల్లులు బిడ్డ కష్టంతో పాటు ఈ నిందనూ మోశారు.

ఆ నిందను తోసిపుచ్చడంలో ముందు నిలిచిందీ తల్లిదండ్రులే. ఆటిజం ఉన్న కొడుకు తండ్రి, అమెరికా నౌకాదళంలో మనస్తత్వవేత్త బెర్నార్డ్ రిమ్లాండ్, తల్లుల మీద మోపిన నేరానికి ఆధారాలు లేవని 1964లో తన పుస్తకంలో విడమరచి చూపించాడు. పుస్తకం చివర పిల్లల లక్షణాల ప్రశ్నావళి చేర్చాడు. దేశం నలుమూలల నుంచి తల్లిదండ్రులు దాన్ని నింపి ఆయనకు పంపారు, తమ కథలు కూడా రాసి జతచేశారు. మరుసటి ఏడాదే వాళ్ల సంఘం ఏర్పడింది. 1969లో ఆ సంఘం సభకు వచ్చి, తల్లిదండ్రులను నిర్దోషులుగా ప్రకటిస్తున్నానని కానరే నోరారా చెప్పాడు. లండన్‌లో 1962లో మొదలైన సంఘం వెనుకా తల్లిదండ్రులే ఉన్నారు. వాళ్లలో ఒకరైన డాక్టర్ లోర్నా వింగ్, కూతురి వల్ల ఈ రంగంలోకి వచ్చి, ఆటిజం పరిధినే విస్తరించింది.

చట్టం వెనకాలే వచ్చింది. వైకల్యం ఉన్న పిల్లల చదువు కోసం 1975లో అమెరికా చేసిన చట్టాన్ని 1986లో సవరించినప్పుడు, మూడేళ్లలోపు బిడ్డకు వేసే ప్రణాళిక పేరులోనే కుటుంబం చేరింది. 1990లలో ఫ్రాన్సెస్ గ్లాస్కో అనే మనస్తత్వవేత్త పది ప్రశ్నలతో ఒక పద్ధతి తయారుచేసింది. తల్లిదండ్రుల ఆందోళనను ఒక క్రమంలో అడిగి రాబడితే అది నమ్మదగ్గ పరీక్షగానే పనికొస్తుందని ఆమె పరిశోధన చెప్పింది. 2006లో అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ, బిడ్డ ఎదుగుదలను గమనించడంలో తల్లిదండ్రుల అనుమానాలు అడగడాన్ని మొదటి అంశంగా పెట్టింది.

మన దేశంలోనూ దారి వేసింది తల్లులే. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బ వల్ల వచ్చే కదలికల లోపం) ఉన్న కూతురి కోసం మిథూ అలూర్ 1972లో బొంబాయిలో, ఆటిజం ఉన్న కొడుకు కోసం మెర్రీ బరువా 1991లో ఢిల్లీలో సంస్థలు పెట్టారు. మనకు సికింద్రాబాద్‌లో 1984లో బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం జాతీయ సంస్థ వచ్చింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంతో అంగన్‌వాడీల్లో పరీక్షలు, జిల్లాల్లో సమస్యను తొలిదశలోనే పట్టుకుని సాయం చేసే డీఈఐసీ కేంద్రాలు వచ్చాయి.

అయినా ఓపీలో ఇప్పటికీ ఎక్కువగా వినపడే మాట "కొన్నాళ్లు ఆగి చూద్దాం". ఇంట్లో పెద్దలూ "వాళ్ల నాన్నకీ మాటలు లేటే" అని సర్దిచెబుతారు. అనుమానం లేదని కుటుంబం చెప్పినంత మాత్రాన పరీక్ష మానకూడదు. కానీ అనుమానం ఉందని చెప్పినప్పుడు కొట్టిపారేయడానికి ఏ కారణమూ లేదు. కాళ్ల మీద పడుకోబెట్టుకుని నూనె రాసి నీళ్లు పోసే అమ్మమ్మ చేతికి, పసిబిడ్డ తొడలు విడదీయనీయకుండా బిగుసుకుంటున్నాయని, ఒక పిడికిలి ఎప్పుడూ మూసే ఉంటోందని అందరికన్నా ముందు తెలుస్తుంది. సెరిబ్రల్ పాల్సీ తొలి ఆనవాళ్లలో ఇవీ ఉంటాయి. ఆమె మాట రాసుకునే గడి మామూలుగా కేసు షీటులో ఉండదు. "మాటలు రాలేదు", "నడక లేదు" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. ముందుగా ఎవరికి అనుమానం వచ్చింది, ఏం చూసి వచ్చింది అన్న రెండు ప్రశ్నలు అక్కడ చేరాలి. తల్లిని ఒక్కదాన్నే లోపలికి రానిచ్చే చోట, బిడ్డకు రోజూ నీళ్లు పోసిన మనిషి వరండాలో కూర్చుని ఉంటే ఆమెనూ లోపలికి పిలవాలి.