ముందు ఇంటోళ్లు ఎక్కాలె

చెప్పులు విప్పకండి, ఇసుక కాలుతోంది. 1986 ఎండాకాలం. కాళేశ్వరం గుడి దాటి గోదావరి రేవులోకి దిగాం. ఒకే పానవట్టం మీద యముడూ శివుడూ రెండు లింగాలుగా వెలసిన గుడి అది. శివరాత్రికి ఈ ఇసుకంతా జనమే. ఇప్పుడు మాత్రం బోర్లా వేసిన పడవలు తప్ప ఏమీ లేవు. మనం నిలబడ్డది కరీంనగర్ జిల్లా. ఎదుట ఎడమచేతి వైపు కనిపించే అడవి ఆదిలాబాద్ జిల్లా, చెన్నూరు పక్క. కుడిచేతి వైపు ఒడ్డున సిరొంచ, మహారాష్ట్రది. ఆ రెండింటి నడుమ నుంచి వార్ధా, వైన్‌గంగల నీళ్లు మోసుకుని ప్రాణహిత వచ్చి గోదావరిలో పడుతోంది. సిరొంచ పేరుకు వేరే రాష్ట్రమే గానీ అక్కడా ఇళ్లల్లో తెలుగు వినిపిస్తుంది. పిల్లనివ్వడం, పిల్లను తెచ్చుకోవడం ఎప్పటినుంచో ఉంది. వంతెన లేదు. పోవాలన్నా రావాలన్నా పడవే.

టక్కు టక్కుమంటున్నది బాడిస. వేపచెట్టు నీడలో లుంగీ ఎగగట్టి, తలకు తువ్వాల చుట్టుకున్న మనిషి మా బాపు.

"ఎవలు బిడ్డా?" తల ఎత్తడు. కన్ను చెక్క మీదే ఉంది.

"మన కాడికే అచ్చిండ్రు బాపూ. పడవ ఎట్ల చేస్తరో చూస్తరట."

"కూసోమను. నీళ్లియ్యి."

మీ పక్కన పేర్చిన పలకలు టేకువి. టేకులోనే నూనె ఉంటుంది, అందుకే నీళ్లలో నానినా తొందరగా కుళ్లదు, చెద పట్టదు. కానీ పచ్చి కట్టెతో పడవ చేస్తే ఎండేకొద్దీ ముడుచుకుని సందులు విడతాయి. నీడన బాగా ఆరని పలకను బాపు ముట్టడు. తొందరపెట్టినవాళ్లను వేరే వడ్లాయన దగ్గరికి పొమ్మంటాడు. అడుగుభాగం చూడండి, చదునుగా ఉంది. ఈ నది వానాకాలం సముద్రం, ఎండాకాలం మోకాలి లోతు. అడుగు లోతుగా ఉన్న పడవ ఇక్కడి బండలకూ ఇసుకమేటలకూ తట్టుకుని ఆగిపోతుంది.

దగ్గరికి రండి, ఇప్పుడు చూడాల్సింది ఇదే. రెండు పలకల నడుమ సన్నటి సందు. బాపు దూదిని పురిపెట్టి పేనుతున్నాడు. ఒక కొస తొడ మీద, ఇంకో కొస కాలి బొటనవేలి సందున. మూడు రాళ్ల పొయ్యి మీద మట్టిమూకుడులో గుగ్గిలం కరుగుతోంది, అందులో నూనె పోస్తున్నాడు. వాసన గుడిలో ధూపంలా మొదలై, గొంతులో గరగరలాడుతుంది. దూది పురిని అందులో ముంచి, కాలుతుండగానే సందులో పెట్టి, మొద్దుబారిన ఉలితో సుత్తి దెబ్బ వేస్తున్నాడు. గట్టిగా కొడితే పలక అంచు చిట్లుతుంది. మెల్లగా కొడితే దూది లోపలికి దిగదు. ఒక్కో దెబ్బ తర్వాత చెవి ఒగ్గి వింటున్నాడు. బోలు చప్పుడు వచ్చిన చోట మళ్లీ కొడతాడు. ఆయన వేళ్ల కొసలు చూశారా? గుగ్గిలం కాలి కాలి నున్నగా అయిపోయాయి, గీతలు కూడా లేవు.

పొద్దు గూకాక ఇంటికి వెళ్దాం. బాపు ఉలులు తుడిచి, నూనె రాసి, గోనెసంచిలో చుట్టి దేవునర్ర పక్కనే పెడతాడు. తర్వాత కందిలి ముందు మమ్మల్ని కూర్చోబెట్టి పాఠం చదవమంటాడు. ఆయనకు అక్షరం రాదు. అయినా మా గొంతు తడబడిన చోట చెయ్యి ఎత్తుతాడు. "ఆడ సందున్నది. మల్ల సదువు." అవ్వ లోపలినుంచి నవ్వుతుంది. మేం చదివిందే చదువుతాం, ఆయన కదలకుండా వింటాడు.

కొత్త పడవ నీళ్లలోకి దిగే రోజు కూడా మీరు ఉండాలి. మిరుగం కార్తె ఇంకా రాలేదు. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, గంగమ్మకు దండం. రాత్రంతా పడవ నీళ్లలోనే ఉంది. చెక్క నీరు తాగి ఉబ్బితే మిగిలిన సన్న సందులు వాటంతట అవే మూసుకుంటాయి. పొద్దున్నే లోపల ఊరిన నీళ్లు తోడి, బాపు అవ్వను ఎక్కిస్తాడు. తర్వాత అక్క, తమ్ముడు, నేను. కట్టించుకున్న ఆసామి ఒడ్డునే నిలబడి ఉంటాడు.

"నా పడవ నన్నెక్కనియ్యవా?"

"ఎక్కుదువు గని ఆగు. మా ఇంటోళ్లు ఎక్కని పడవల ఊరోళ్లను ఎట్ల ఎక్కిస్త?"

మమ్మల్ని నది నడుమదాకా తీసుకుపోయి తెస్తాడు. అప్పుడు గెడ ఆసామి చేతికిస్తాడు. పనితనమంటే ఏమిటో నాకు ఎవరూ వివరించనక్కర్లేకపోయింది.

అదే ఏడు ఆగస్టులో వచ్చిన వరద మీకు తెలిసే ఉంటుంది. దిగువన భద్రాచలంలో గోదావరి 75.6 అడుగులు ముట్టిన వరద. ఇక్కడ రేవు మెట్లు మాయమయ్యాయి. నీళ్ల మీద మానులు తేలి వస్తున్నాయి. బాపు ఒడ్డునే ఉండి, తిరిగివచ్చిన ప్రతి పడవ అడుగునూ తడిమి చూస్తున్నాడు. ఒకదాని సీల ఊడింది. జనం అరుస్తున్నా దాన్ని బిగించిందాకా వదల్లేదు.

బాపు పుట్టింది ఎగువన ధర్మపురి దగ్గర. 1963లో నెహ్రూ పునాదిరాయి వేసిన పోచంపాడు ప్రాజెక్టు నిండడం మొదలయ్యాక అక్కడ ఎండాకాలపు నది సన్నబడింది. ప్రాణహిత మీద ఆశతో ఆయన ఇటు వచ్చాడు. పోచంపాడు లక్షల ఎకరాలు తడిపింది, కాదనను. కానీ ఏ నీటి లెక్కల్లోనూ పడవలు చేసే ఇళ్లు లేవు.

తర్వాత సంగతులు త్వరగా చెప్పేస్తాను. సిరొంచకు వంతెన పడింది. 2016లో కాళేశ్వరం భూపాలపల్లి జిల్లాలో కలిసింది. 2019 జూన్ 21న మేడిగడ్డ బరాజు మొదలైంది. పడవల పని తగ్గాక బాపు తలుపులు, మంచాలు చేశాడు. వాటి కీళ్లు కూడా నీళ్లు పోసినా కారనంత బిగువుగా ఉండేవి. చివరిదాకా ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు.

ఆయన పోయిన పదకొండో రోజు సిరొంచ నుంచి ఒక ముసలి పడవాయన వచ్చాడు. మా అక్కను ఆ ఊరికే ఇచ్చాం. ప్రతి ఏడూ మిరుగానికి ముందు బాపు అవతలి ఒడ్డుకు పోయి, ఆయన పడవ సందులన్నీ కొత్త దూదితో బిగించి వచ్చేవాడట. మేమేమో కూలి పనికి పోయాడనుకునేవాళ్లం.

"ఒక్కసారి గూడ పైసలు తీసుకోలే," అన్నాడాయన. "నీ బిడ్డ ఎక్కుతదని చేస్తున్నవా అంటే, ఎక్కేటోళ్లందరు ఎవలకో బిడ్డలే గదనే అన్నడు."

అక్కకు కూడా ఆ సంగతి అప్పుడే తెలిసింది.